ఏ పూర్వం నుంచి?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

వంటా వార్పూ ముగించి, గిన్నెలు బోర్లించి, ఓ అరగంట నడుం వాల్చే వేళ ఇది. అందుకని బరువైన విషయాల జోలికి పోను. మనందరం రోజూ చేసే ఒక పని గురించే నాలుగు మాటలు చెప్తాను. పొద్దున్నే స్నానం చేసి బట్ట కట్టుకుంటాం చూశారూ, ఆ బట్ట గురించి.

ఇది నా బుర్రలోకి రావడానికి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న గొడవే కారణం. మాది విశాఖపట్నం వన్ టౌన్. మార్గశిర మాసం వచ్చిందంటే మా వైపు సందడి ఇంతా అంతా కాదు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి ఆ నెలలో గురువారాలు విశేషం. మొన్న మార్గశిరంలో ఒక గురువారం తెల్లవారుజామునే అందరం బయల్దేరుతున్నాం. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి చుడీదార్ వేసుకుని గదిలోంచి వచ్చింది. మా అత్తగారు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "గుడికి చీర కట్టుకోవాలమ్మా. లేకపోతే పరికిణీ, ఓణీ వేసుకో. పూర్వం నుంచీ మన ఇళ్ళల్లో ఆచారం అది" అన్నారు.

మా అమ్మాయి ఊరుకుంటుందా? "ఏ పూర్వం నుంచి, నాయనమ్మా?" అంది.

అంతే. ఆవిడ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఒకరికి కోడల్ని, ఒకరికి తల్లిని. నా అవస్థ మీకు వేరే చెప్పాలా? అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మేమిద్దరమే గుడికి వెళ్ళి వచ్చాం. దారిపొడుగునా ఇద్దరికీ మాటల్లేవు. ఏటేటా అమ్మవారికి పసుపు కుంకాలు పట్టుకెళ్ళే పిల్ల ఆ గురువారం ఇంట్లో ఉండిపోయింది కదా అని నాకు మనసులో ముల్లులా ఉండిపోయింది.

నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. మెట్రిక్‌తో ఆగిపోయినదాన్ని. అయినా ఆ పిల్ల అడిగిన ప్రశ్న సబబైనదే అనిపించింది. ఏ పూర్వం నుంచి? లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుని, మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. తెలుసుకున్నకొద్దీ నవ్వూ వచ్చింది, ఆశ్చర్యమూ వేసింది.

ముందు చీర సంగతే చూద్దాం. కుట్టు లేని ఒకే గుడ్డను ఒంటికి చుట్టుకోవడం మన ఒక్కరి పద్ధతే కాదండీ. పాతకాలపు గ్రీకు స్త్రీలూ అలాంటి గుడ్డే చుట్టుకుని పిన్నులు పెట్టుకునేవారు. రోము నగరంలో మగవాళ్ళు "టోగా" అని పొడుగాటి గుడ్డను భుజం మీంచి కప్పుకునేవారు. వాళ్ళు ఆ కట్టు ఎప్పుడో వదిలేశారు. మనం వదల్లేదు. కానీ వదల్లేదంటే మార్చలేదని కాదు సుమండీ!

మీ అమ్మమ్మో, ముత్తవ్వో గోచీ పోసి చీర కట్టుకోవడం మీలో కొందరైనా చూసే ఉంటారు. ఆ కట్టుకి ఎనిమిది తొమ్మిది గజాల చీర కావాలి. వంగి నాట్లు వేసినా, నీళ్ళు తోడినా, బిందె ఎత్తినా కాళ్ళకు అడ్డం పడదు. దానికి లోపల లంగా అక్కర్లేదు. మన కట్టు వేరు. కుచ్చిళ్ళు ముందు దోపి, పైట ఎడమ భుజం మీద వేసుకుంటాం. దేశమంతా దీన్ని "నివి" కట్టు అంటారు. "నీవి" అంటే మన పోకముడే. ఇది తెలుగుసీమ కట్టేనని చీరల మీద పరిశోధన చేసినవాళ్ళు రాశారు. ఇవాళ కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళు చీర కడితే ఎక్కువమంది కట్టేది ఈ కట్టే. ఇందుకు మనం కాస్త గర్వపడచ్చు.

మరి లోపలి లంగా, పైన జాకెట్టు? జాకెట్టు అన్న మాటే ఇంగ్లీషుది కదండీ. మనకు రవిక లేదని కాదు, ఉంది. ముడి రవికా ఉంది. కానీ ఇప్పుడు మనం వేసుకునే చేతుల జాకెట్టు, లోపల బొందు లంగా, వాటి మీద చీర అనే ఈ మొత్తం వరసకు వయసు నూటయాభై ఏళ్ళ పైచిలుకు మాత్రమే. దీని వెనుక ఒక ఇల్లాలి కథ కూడా ఉంది.

ఆవిడ పేరు జ్ఞానదానందినీ దేవి. రవీంద్రనాథ్ ఠాగూరు గారికి వదినగారు. ఆవిడ భర్త సత్యేంద్రనాథ్ మన దేశస్థుల్లో మొట్టమొదటి ఐ.సి.ఎస్. ఉద్యోగి. 1860లలో ఆయన ఉద్యోగరీత్యా భార్యను బొంబాయి తీసుకెళ్ళాలి. అప్పుడొచ్చింది చిక్కు. ఆ రోజుల్లో బెంగాలు ఇళ్ళల్లో ఆడవాళ్ళు లోపల ఏమీ లేకుండా ఒకే పలచటి చీర చుట్టుకునేవారు. గడప దాటే పని లేదు గనక అది సరిపోయేది. మరి గడప దాటాలంటే? బొంబాయిలో ఆవిడ పార్శీ ఆడవాళ్ళు చీర కట్టే తీరు చూశారు. దాన్ని తనకు అనువుగా మార్చుకుని, లంగా, జాకెట్టు జతచేసి కట్టడం మొదలుపెట్టారు. తిరిగి కలకత్తా వచ్చాక మిగతా ఆడవాళ్ళకూ నేర్పారు. అక్కణ్ణించి ఆ తీరు ఊరూరా పాకింది.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఆవిడ సింగారానికి ఆ బట్ట వేసుకోలేదు. బయటికి వెళ్ళాల్సి వచ్చింది గనక వేసుకుంది. ఎక్కడ చూసినా నాకు ఈ సంగతే కనిపించింది. ఆడది కొత్తగా ఒక గడప దాటినప్పుడల్లా ఆమె బట్ట మారింది. మారినప్పుడల్లా ఎవరో ఒకరు "పూర్వం నుంచీ లేదు" అన్నారు.

సీమ దేశాల సంగతి చెప్తాను, వినండి. అక్కడి ఆడవాళ్ళు తిమింగలం నోట్లోంచి తీసిన ఎముకలాంటి బద్దలు పెట్టి కుట్టిన కార్సెట్లు నడుముకు బిగించుకునేవారు. ఊపిరి తీసుకోవడమే కష్టం. 1851లో అమెరికాలో అమీలియా బ్లూమర్ అనే పత్రికా సంపాదకురాలు, పొట్టి గౌను కింద వదులుపాటి పైజామా వేసుకోవడం హాయిగా ఉంటుందని తన పత్రికలో రాసింది, తనూ వేసుకుంది. వీధిలో పిల్లలు వెంటపడి వెక్కిరించారు. పత్రికల్లో వ్యంగ్య చిత్రాలు వేశారు. తర్వాత ముప్ఫై నలభై ఏళ్ళకు సైకిలు వచ్చింది. గౌనుతో సైకిలు తొక్కడం కష్టం కదా! అప్పుడు ఆ పైజామాలే మళ్ళీ బయటికొచ్చాయి.

ఇంకా తమాషా ప్యారిస్‌లో జరిగింది. ప్యారిస్ అంటే ఫ్యాషన్లకు పుట్టిల్లని మనమంతా అనుకుంటాం కదా. ఆ ఊళ్ళో 1800లో ఒక ఆర్డరు వేశారు. ఆడవాళ్ళు మగవాళ్ళ బట్టలు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాలట! 1892లోనూ, 1909లోనూ కొంచెం సడలించారు. చేతిలో సైకిలు హ్యాండిలో, గుర్రం కళ్ళెమో ఉంటే ఆడది ప్యాంటు వేసుకోవచ్చు. అంటే సైకిలు దిగితే నేరం అన్నమాట! ఆ ఆర్డరుకు ఇక విలువ లేదని అక్కడి ప్రభుత్వం చెప్పింది ఎప్పుడనుకున్నారు? 2013లో. నవ్వొస్తోంది కదూ?

మన దేశంలో మాత్రం నవ్వు రాని కథ ఒకటి ఉంది. కేరళ దక్షిణ భాగంలో తిరువాన్కూరు రాజ్యం ఉండేది. అక్కడ నాడార్ కులపు స్త్రీలు పై కులాల వాళ్ళలా రొమ్ము మీద బట్ట వేసుకోకూడదన్నారు. వేసుకుంటే బజార్లో లాగి చించేసేవారు. ఆ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి దెబ్బలు తిని, ఇళ్ళు తగలబడినా పట్టు విడవక పోరాడితే, చివరికి 1859లో రాజు వాళ్ళకు పైబట్ట వేసుకునే హక్కు ఇచ్చాడు. ఒకచోట ఒళ్ళు కప్పుకోలేదని తప్పు, ఒకచోట కప్పుకుందని తప్పు! తీర్పు చెప్పేది ఎప్పుడూ ఆ బట్ట కట్టుకునే మనిషి కాదు. అదీ విడ్డూరం.

ఫ్యాషన్లన్నీ సీమ నుంచే మనకు వచ్చాయని కూడా అంటూంటాం. ఒకప్పుడు ఇటు నుంచి అటే వెళ్ళాయండీ! మా వన్ టౌన్‌లో కోటవీధి ఉంది. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1680లలో విశాఖపట్నంలో వర్తకస్థావరం పెట్టుకున్నది ఆ చుట్టుపక్కలే. అంతకుముందే భీమిలిలో డచ్చివాళ్ళున్నారు. వీళ్ళంతా సముద్రం దాటి వచ్చింది ఎందుకంటారు? ముఖ్యంగా మన నేతబట్ట కోసం. చుట్టుపక్కల ఊళ్ళ సాలెవాళ్ళు నేసిన తెల్లబట్టను "పుంజం" లెక్కన కొనేవారు. పుంజం అంటే పడుగులో పోగుల లెక్క. పుంజాలు ఎక్కువైతే బట్ట సన్నం, ధర ఎక్కువ. మచిలీపట్నం నుంచి పువ్వులూ లతలూ అద్దిన గుడ్డలు వెళ్ళేవి. అదే ఇవాళ మనం ముద్దుగా కలంకారీ అంటున్నది.

ఆ అద్దకం గుడ్డలు చూసి అక్కడి ఆడవాళ్ళకు మతి పోయింది. అంతదాకా వాళ్ళకు ఉన్నవి బరువైన ఉన్ని బట్టలు, ఖరీదైన పట్టు బట్టలు. ఇవి తేలిక, ఉతికినా రంగు పోవు. పనిమనిషి దగ్గర్నుంచి జమీందారిణి దాకా అందరూ అవే కావాలన్నారు. అక్కడి నేతగాళ్ళకు పని పోయే గతి పట్టింది. ఫ్రాన్సు రాజు 1686లో వీటిని నిషేధించాడు. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండులోనూ 1700లో దిగుమతి మీద ఒక చట్టం చేశారు. అయినా ఆగలేదు. 1719లో లండన్ నేతగాళ్ళు వీధుల్లో పడి, పువ్వుల నూలు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళను వెంటాడి, ఒంటి మీది గౌన్లు చించారు, సిరా పోశారు, యాసిడ్ కూడా చల్లారు. ఆ తర్వాత ఇంకో చట్టం తెచ్చి, 1722 క్రిస్మస్ నుంచి ఆ గుడ్డ కట్టుకోవడమే నేరం చేశారు. నేతగాళ్ళ ఆకలి నిజమే, కాదనను. కానీ కోపం వర్తకుడి మీద చూపించారా? లేదు. గుడ్డ కట్టుకున్న ఆడదాని మీద చూపించారు.

తర్వాత చక్రం తిరగబడింది. అక్కడ మిల్లులు వచ్చాయి. మన అద్దకాలు చూసి నేర్చుకుని, యంత్రాల మీద అచ్చొత్తి, చవగ్గా మనకే అమ్మారు. మన మగ్గాలు మూలపడ్డాయి. కంపెనీకి బట్ట నేసి ఇచ్చిన తీరంలోనే సీమ గుడ్డ దిగింది.

ఆ సీమ గుడ్డను వద్దన్నవాళ్ళలో మన తెలుగు ఆడవాళ్ళు ముందున్నారు. 1921లో గాంధీగారి పిలుపుతో ఊరూరా విదేశీ బట్టలు మంటల్లో పడ్డాయి. ముతక ఖద్దరు ఒంటికి గీసుకుపోతున్నా ఆడవాళ్ళు కట్టారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. దాని గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్ల, టిక్కెట్టు లేదని సాక్షాత్తూ జవహర్‌లాల్ నెహ్రూ గారినే ఆపేసింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది. చూశారా, ఇక్కడా అంతే. బట్ట మారింది, ఆడపిల్ల గడప దాటింది.

మనకు పక్కనే శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఉంది. ఆ సన్న ఖద్దరు పేరు గాంధీగారి దాకా వెళ్ళింది. దాని వెనుక ఉన్నది ఆడవాళ్ళ చేతులే. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ సన్నటి పళ్ళు దువ్వెనలా పనిచేస్తాయన్నమాట. ఏకులు ఆరిపోకుండా అరటి దొప్పలో దాచుకుంటారు. తర్వాత రాట్నం మీద ఒక్కొక్క పోగే వడుకుతారు. ఆ పని చేసే ఆడవాళ్ళలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళు. వాళ్ళ కష్టానికి తగ్గ కూలి రాకపోతే ఆడపిల్లలు ఆ పని ఎందుకు నేర్చుకుంటారు? ఏడాదికి ఒక్క నేతచీరైనా బేరమాడకుండా కొందాం అని నేను నియమం పెట్టుకున్నాను. మీరూ ఆలోచించండి.

అన్నట్టు ఇంకొక్క జాగ్రత్త. నైలాను 1935లో అమెరికాలో పుట్టింది, టెరిలిన్ 1941లో ఇంగ్లండులో పుట్టింది. ఇస్త్రీ అక్కర్లేదు, పిండితే ఆరిపోతాయి అని మన అమ్మలు మురిసిపోయి కట్టారు. సుఖమే, కాదనను. కానీ పొయ్యి దగ్గరకు మాత్రం వద్దండీ. నిప్పంటుకుంటే అవి కరిగి ఒంటికి అతుక్కుపోతాయి. వంటింట్లోకి నూలు బట్టే మేలు, అదైనా పైట చెంగు బొడ్లో దోపుకుని మరీ. ఏది కట్టుకోవాలన్నది మన ఇష్టం అన్నప్పుడు, ఒంటికీ పనికీ ఏది మంచిదో చూసుకోవడమూ మన వంతే.

సరే, మా ఇంటి కథ ముగించాలి కదా. ఇవన్నీ చదివి ఒకరోజు భోజనాలయ్యాక మా అత్తగారికి మెల్లగా చెప్పాను. ఆవిడ అప్పుడు నైటీ వేసుకుని, భుజాల మీద తువ్వాలు కప్పుకుని, గుమ్మంలో కూరలబండి వాడితో బేరం ముగించి వచ్చి కూర్చున్నారు. నైటీ ఏ పూర్వం నుంచి వచ్చిందో నేను అడగలేదు. ఆవిడే తన ఒంటి వంక చూసుకుని ఫక్కున నవ్వారు.

తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి ఇలా అన్నారు. "మా నాయనమ్మకి ఇరవై ఏళ్ళకే మా తాతగారు పోయారే. నాకు తెలిసినప్పట్నుంచీ ఆవిడ ఒంటి మీద తెల్ల పంచె తప్ప ఏమీ చూళ్ళేదు. రవిక లేదు. నెత్తి మీద ముసుగు. ఎవరైనా వస్తే వెనక వసారాలోకి వెళ్ళిపోయేది. పండక్కి నాకు ఎర్ర పువ్వుల చీటీగుడ్డ పరికిణీ కుట్టించారు. నన్ను దగ్గరికి పిలిచి ఆ అంచు అలా చేత్తో పట్టుకుని కూర్చుంది. ఏం నాయనమ్మా అంటే, ఏం లేదులే అంది."

నాకు గొంతు పట్టేసింది. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించింది 1881లో. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు కూడా అలాంటి నాయనమ్మలు ఇళ్ళల్లో వెనక వసారాల్లోనే ఉండిపోయారు. ఆ తెల్ల పంచె కూడా పూర్వం నుంచీ వచ్చిన ఆచారమే కదండీ! గడప దాటించే బట్టలున్నట్టే, గడప లోపల కూర్చోబెట్టే బట్టలూ ఉన్నాయి. ఆచారం అనగానే తల ఊపేముందు, ఇది ఈ రెండింటిలో ఏది అని ఒక్కసారి అడుక్కుంటే చాలు.

చీర అంటే నాకు ప్రాణం. నా బీరువా చూస్తే మీరే ఒప్పుకుంటారు. మా అమ్మాయి కూడా తన పెళ్ళికి చీరే కడుతుందని నా నమ్మకం. కానీ అది ఇష్టపడి కట్టాలి. మనం తలుపు దగ్గర నిలబడి ఆపితే కట్టకూడదు. రేపు దాని కూతురు ఇంకేదో వేసుకొస్తుంది. అప్పుడు మా అమ్మాయి గుమ్మంలో నిలబడి "పూర్వం నుంచీ చుడీదారే మన ఆచారం" అనకుండా ఉంటే అదే పదివేలు!

తర్వాతి గురువారం మా అత్తగారు అందరికంటే ముందు లేచారు. పసుపు కుంకాల పళ్ళెం సర్ది మనవరాలి గది తలుపు తట్టారు. "ఏదో ఒకటి వేసుకుని రా తల్లీ. ఆలస్యమైతే క్యూ పెరిగిపోతుంది" అన్నారు.

అమ్మాయి చుడీదార్‌తోనే వచ్చింది. ఆవిడ చున్నీ కొస సర్ది, పళ్ళెం దాని చేతికిచ్చారు. ముగ్గురం కలిసి బయల్దేరాం.